నాల్గవ చేయి లేని కర్బనము

కర్బన పరమాణువునకు నాలుగు చేతులు కలవని పందొమ్మిదవ శతాబ్దపు రసాయన శాస్త్రజ్ఞులు నిశ్చయించిరి. 1858లో జర్మను పండితుడు కెకూలే ఈ సూత్రమును ప్రకటించినది మొదలు అది ఆ శాస్త్రమునకు మూలస్తంభమై నిలిచెను. చక్కెర, కర్పూరము, నీలిమందు మొదలుగా వేలకొలది పదార్థముల నిర్మాణము ఈ యొక్క సూత్రముచే విశదమయ్యెను. నాలుగు చేతులును ఏదో యొక తోడును పట్టుకొనియే యుండవలెను. ఒక చేయి ఖాళీగా నున్న కర్బనము లోకమున నిలువజాలదని ఆచార్యులు బోధించిరి, శిష్యులు వల్లించిరి. అట్టి కాలమున, 1900వ సంవత్సరమున, అమెరికాలోని ఆన్ ఆర్బర్ అను చిన్న పట్టణమునుండి ముప్పదినాలుగేండ్ల అధ్యాపకుడొకడు, మూడు చేతులతోనే నిలిచియున్న కర్బనము తనకు దొరకినదని ప్రకటించెను. ఆయన పేరు మోసెస్ గాంబర్గు. ఆ నాల్గవ చేయి లేని కర్బనమే పిమ్మట ప్లాస్టిక్కు పరిశ్రమకును, ఔషధ నిర్మాణమునకును దారిచూపిన స్వేచ్ఛా ప్రాతిపదికలకు, అనగా ఫ్రీ రాడికల్సుకు, ఆదిపురుషుడయ్యెను.

గాంబర్గు 1866 ఫిబ్రవరి 8వ తేదీన రష్యా సామ్రాజ్యములోని యెలిజవెత్‌గ్రాద్ పట్టణమున ఒక యూదు కుటుంబమున జన్మించెను. ఆ పట్టణము నేడు యుక్రెయిన్ దేశమున క్రొపివ్నిత్స్కీ యను పేరుతో నున్నది. బాలునకు పదునైదేండ్లు నిండిన యేట, 1881లో, జారు చక్రవర్తి రెండవ అలెగ్జాండరు హత్యకు గురియయ్యెను. ఆ వెనువెంటనే యూదులపై చెలరేగిన అల్లరులు మొట్టమొదట ఆ పట్టణముననే ప్రజ్వరిల్లెను. మూడేండ్లు గడువకమున్నే గాంబర్గు తండ్రిపై రాజద్రోహపు నేరము మోపబడెను. ఆస్తి జప్తు చేయబడెను. 1884లో ఆ కుటుంబము కట్టుబట్టలతో స్వదేశమును విడిచి అమెరికాలోని చికాగో నగరమును చేరుకొనెను. భాష రాదు, ఆదుకొను బంధువులు లేరు. తండ్రియు కుమారుడును దొరకిన కూలిపనులెల్ల చేసి పొట్ట పోసికొనిరి. అట్టి స్థితియందును ఆ యువకుడు చదువును విడువలేదు. పగటి శ్రమను లెక్కింపక ఉన్నత పాఠశాల విద్యను ముగించి, 1886లో మిషిగన్ విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. అప్పటికి ఆయన అమెరికాకు వచ్చి రెండేండ్లు మాత్రమే.

మిషిగన్‌లో ఆయనకు ఆల్బర్ట్ ప్రెస్కాట్ అను ఆచార్యుడు గురువుగా లభించెను. 1890లో మొదటి పట్టము, 1892లో రెండవ పట్టము, 1894లో డాక్టరు పట్టము వరుసగా ఆయనను వరించెను. డాక్టరు పట్టమునకై ఆయన కాఫీలోని సారమైన కెఫీనుపై పరిశోధన సాగించెను. ఆ కాలమున రసాయన శాస్త్రజ్ఞునకు త్రాసే కన్ను. ఒక పదార్థమును దహించి, దానియందు కర్బన మెంత, ఉదజని యెంత యని తూచి చెప్పుటయే దానిని గుర్తించు మార్గము. ఆ విద్యయందు గాంబర్గు హస్తము మిగుల నిశితమైనది. ఈ నైపుణ్యమే పిదప ఆయన జీవితమును మలుపు త్రిప్పెను.

కర్బన రసాయన శాస్త్రమునకు ఆ నాడు జర్మనీయే కాశీ. 1896లో గాంబర్గు సెలవు తీసికొని మ్యూనిక్ నగరమున సుప్రసిద్ధుడైన బేయరు ప్రయోగశాలను, పిదప హైడెల్‌బర్గున విక్టర్ మేయరు ప్రయోగశాలను ఆశ్రయించెను. హైడెల్‌బర్గున ఆయన ఎన్నుకొన్న పని సాహసోపేతమైనది. ఒక్క కర్బనము చుట్టును నాలుగు బెంజీను వలయములను అమర్చి టెట్రాఫినైల్ మీథేను అను పదార్థమును చేయవలెనని ఆయన సంకల్పము. మేయరు స్వయముగా యత్నించి విఫలుడైన పని యది. వేరొక విషయము చేపట్టుమని ఆ పెద్ద హితవు పలికెను. ఇరుకు గదిలో నలుగురు స్థూలకాయులను కూర్చుండబెట్టినట్లు ఆ వలయములు ఒకదాని నొకటి త్రోసికొనును గదా! అయినను గాంబర్గు వెనుదీయలేదు. నత్రజనితో కూడిన యొక పదార్థమును చేసి, దానిని వేడిచేసి, నత్రజనిని వాయురూపమున వెడలగొట్టి, 1897లో ఆ టెట్రాఫినైల్ మీథేనును స్వల్పపరిమాణమున సాధించెను. నత్రజని వెడలిపోవు ఆ క్షణమున అచట పుట్టినవి స్వేచ్ఛా ప్రాతిపదికలే యని పిదపి కాలపు శాస్త్రజ్ఞులు తెలిసికొనిరి. ఏ జీవుని ఆయన మూడేండ్ల తరువాత కనుగొననుండెనో అది ఆయనకు తెలియకుండగనే ఆయన పాత్రయందు పుట్టి మాయమయ్యెను.

మిషిగన్‌కు తిరిగివచ్చిన పిమ్మట ఆయన మరియొక మెట్టు పైకెక్క దలచెను. రెండు కర్బనములు చేతులు కలిపికొనగా, ఒక్కొక్క దానిపై మూడేసి బెంజీను వలయము లుండు హెక్సాఫినైల్ ఈథేను ఆయన గురి. ట్రైఫినైల్ మీథేనునుండి చేసిన క్లోరిన్ సమ్మేళనమును బెంజీనులో కరగించి, మెత్తని వెండి పొడితో కలిపినచో, వెండి క్లోరిన్‌ను లాగికొనును. విడివడిన రెండు భాగములును ఒకదానితో నొకటి కలిసికొనవలెను. అనుకొన్నట్లే తెల్లని స్ఫటికములు ఏర్పడెను. వానిని దహించి తూచెను. లెక్క ప్రకారము నూటికి దాదాపు 94 పాళ్లు కర్బనము ఉండవలసియుండగా, 88 పాళ్లు మాత్రమే తేలెను.

ఇచటనే ఆయన ఖ్యాతియు అపఖ్యాతియు త్రాసులో వ్రేలాడెను. మరియొకడైనచో ప్రయోగమున పొరపాటు దొరలినదని తలచి ఆ సీసాను మూలకు నెట్టియుండును. లేదా సిద్ధాంతమునకు సరిపడు అంకె వచ్చువరకు మరల మరల దహించియుండును. గాంబర్గు తన త్రాసును నమ్మెను. మరల మరల చేసినను అంకె మారలేదు. తగ్గిన ఆరు పాళ్లును ఏదో యొక వస్తువునకు చెందియుండవలెను. అది ప్రాణవాయువే యని ఆయన ఊహించెను. ద్రవములో లేనిది, వెండిలో లేనిది, పాత్రలో లేనిది ఎచటినుండి వచ్చెను? గాలినుండియే రావలెను. శాంతస్వభావము గల హైడ్రోకార్బను చల్లని గాలినుండి ప్రాణవాయువును లాగికొనుట అంతకుమున్ను కని విని యెరుగని వింత.

ఆయన గాజు పరికరములను ప్రత్యేకముగా నమర్చి, గాలిని పూర్తిగా వెడలగొట్టి, బొగ్గుపులుసు వాయువుతో నింపి, ఆ ప్రయోగమును తిరిగి చేసెను. ఈ పర్యాయము ద్రవము పసుపువన్నె దాల్చెను. దానినుండి వేర్పడిన పదార్థమున కర్బనము లెక్కకు సరిపోయెను. కాని దాని గుణము లెక్కకు సరిపోలేదు. కొంచెము గాలి సోకినంతనే పసుపు వెలసి తెల్లని స్ఫటికములు పేరుకొనెను. అవియే మున్ను ఆయనను మోసగించిన పెరాక్సైడు. బ్రోమిన్‌ను, అయొడిన్‌ను చూపినంతనే ఆ ద్రవము వానిని ఆవురావురుమని పట్టుకొనెను. హెక్సాఫినైల్ ఈథేను వంటి నిండు పదార్థమున కిట్టి ఆకలి యుండరాదు. ఆ యాకలి నాల్గవ చేయి ఖాళీగా నున్న కర్బనమునకే చెల్లును. అది ట్రైఫినైల్ మీథైల్ అను స్వేచ్ఛా ప్రాతిపదికయే యని గాంబర్గు తీర్పు చెప్పెను.

ఆ తీర్పునందలి సాహసమును గ్రహించుటకు పూర్వకథ కొంత తెలియవలెను. పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్లలో ప్రాతిపదికలను వేరుచేసి చూపవలెనని మహామహులు పాటుపడిరి. 1849లో ఇంగ్లండు దేశీయుడగు ఫ్రాంక్లండు ఇథైల్ అయొడైడును యశదముతో వేడిచేసి ఇథైల్ ప్రాతిపదికను పట్టితి ననుకొనెను. అదే సమయమున కోల్బే విద్యుత్తు సాయమున మీథైల్‌ను పట్టితి ననుకొనెను. కాని వారికి చిక్కినవి జంటలుగా కలిసిపోయిన అణువులని తరువాత తేలెను. ఇన్ని యోటముల పిదప, స్వేచ్ఛా ప్రాతిపదిక యనునది గగనకుసుమమని శాస్త్రలోకము ఆశ వదలుకొనెను. ముగిసిపోయినదనుకొన్న ఆ వ్యవహారమును, ప్రసిద్ధ జర్మను పీఠములకు దూరముగా నున్న ఒక యువకుడు తిరుగదోడెను.

1900లో గాంబర్గు తన వ్యాసమును అమెరికను రసాయన సంఘపు పత్రికయందును, జర్మను పత్రికయందును ప్రకటించెను. ఈ క్షేత్రమును కొంతకాలము తనకే విడిచిపెట్టవలెనని వ్యాసాంతమున విన్నవించుకొనెను. అట్టి విన్నపము ఆనాటి మర్యాదయే. కాని ఇంత వింతను చూచియు చేతులు ముడిచికొని కూర్చుండువా రెవ్వరు? కొద్ది యేండ్లలోనే ఐరోపా ప్రయోగశాలలు ఆ పదార్థముపైకి దుమికెను. వాదములు చెలరేగెను. అణుభారమును కొలిచి చూడగా ఆ పదార్థము అధికాంశము జంటగానే యున్నట్లు తేలెను. అట్లయినచో ఒంటరి కర్బన మెచట? ష్మిడ్లిన్ అను శాస్త్రజ్ఞుడు దీనికి చక్కని నిదర్శనమును చూపెను. పసుపు ద్రవమును గాలితో కుదిపినచో రంగు పోవును. కొంతసేపు ఊరకుంచినచో మరల పసుపువన్నె తిరిగివచ్చును. అనగా జంటలు కొన్ని విడిపోవుచు, ఒంటరులు కొన్ని కలియుచు, రెండును సమతౌల్యమున నున్నవన్న మాట. ఒంటరులను ప్రాణవాయువు మ్రింగివేసినకొలది జంటలు విడివడి క్రొత్త ఒంటరులను పుట్టించుచుండును. 1910లో ష్లెంక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు బెంజీను వలయములకు బదులు మరింత పెద్ద సమూహములను అమర్చి, జంటకట్టక పూర్తిగా ఒంటరిగనే నిలుచు ఊదావన్నె ప్రాతిపదికను సృజించెను. దానితో సందేహములు సమసెను. పదేండ్ల వివాదమున గాంబర్గు పక్షమే గెలిచెను.

చేయి యనగా నేమి, ఖాళీ యనగా నేమి యను ప్రశ్నకు ఉత్తరము 1916లో లభించెను. రెండు పరమాణువుల నడుమ బంధమనగా రెండు ఎలక్ట్రానుల జంట యని లూయిస్ అను అమెరికను శాస్త్రజ్ఞుడు వివరించెను. స్వేచ్ఛా ప్రాతిపదికయం దొక ఎలక్ట్రాను జంటలేక ఒంటరియై యుండును. దానికి తోడు కావలయునన్న ఆరాటమే ప్రాతిపదిక దూకుడునకు మూలము. ట్రైఫినైల్ మీథైల్ మాత్రము కొంత నిలకడ చూపుటకు రెండు కారణములు కలవు. మూడు బెంజీను వలయములు కోటగోడలవలె నిలిచి ఇతరులను దరిజేరనీయవు. ఆ ఒంటరి ఎలక్ట్రాను ఒక్క చోటనే యుండక వలయములన్నిటను వ్యాపించి తన యావేశమును పంచుకొనును.

కీర్తి వచ్చినను గాంబర్గు జీవితము మారలేదు. 1904లో ఆచార్యుడయ్యెను, 1914లో అమెరికా జాతీయ విజ్ఞాన పరిషత్తు సభ్యుడయ్యెను, 1927 నుండి 1936లో విశ్రాంతి పుచ్చుకొనువరకు మిషిగన్ రసాయన శాఖకు అధిపతిగా వ్యవహరించెను, 1931లో అమెరికను రసాయన సంఘమునకు అధ్యక్షుడయ్యెను. నోబెలు బహుమానము మాత్రము ఆయన గడప త్రొక్కలేదు. వివాహ మాడలేదు. సోదరితో కలిసి ఆన్ ఆర్బరున నిరాడంబరముగా కాలము గడపెను.

మొదటి ప్రపంచయుద్ధము ఆయన మనస్సునకు కఠిన పరీక్ష యయ్యెను. ఆవపు వాయువు అను విషపదార్థమును తయారుచేయు విధానముపై పనిచేయుమని ప్రభుత్వము కోరెను. మనస్సున కది రుచింపకున్నను, తన కుటుంబమునకు నీడ నొసగిన దేశము కోరిన పనిగా భావించి ఆయన అంగీకరించెను. పిదప సైన్యమున మేజరు హోదాతో పొగలేని తుపాకిమందు తయారీకి సలహాదారుడుగా పనిచేసెను. యుద్ధము ముగిసిన పిదప మరల తన ప్రాతిపదికల చెంతకే తిరిగివచ్చెను.

1924లో ఆయనయు, ఆయన శిష్యుడు వెర్నర్ బాక్మనును కలిసి, రెండు వేర్వేరు బెంజీను వలయములను నేరుగా అతికించు నొక విధానమును ప్రకటించిరి. గాంబర్గు–బాక్మన్ చర్యయను పేర అది నేటికిని గ్రంథములయందు నిలిచియున్నది. ఆ చర్యయందును పని నడపునది స్వేచ్ఛా ప్రాతిపదికయే యని తరువాత తేలెను. శిష్యుడగు బాక్మన్ 1939లో ఈక్విలెనిన్ అను స్టెరాయిడు హార్మోనును మొదటిసారిగా కృత్రిమముగా నిర్మించి గురువు పేరు నిలిపెను.

గాంబర్గు దొరకించుకొన్న ప్రాతిపదిక గోడల మాటున దాగిన సాధుజంతువు. గోడలు లేని చిన్న ప్రాతిపదికలు కూడ ఉండగలవా? 1929లో పానెత్ అను శాస్త్రజ్ఞుడు టెట్రామీథైల్ లెడ్ ఆవిరిని గాజు గొట్టమున ప్రవహింపజేసి ఒక చోట వేడిచేసెను. అచట సీసము అద్దమువలె గొట్టమునకు పట్టుకొనెను. ఆ ప్రవాహము ముందుకు సాగి, మున్నే పూసియుంచిన మరియొక సీసపుటద్దమును తినివేసెను. లిప్తపాటు బ్రతికిన మీథైల్ ప్రాతిపదికయే ఆ యద్దమును మ్రింగినది. ఎనుబదియేండ్లకు మున్ను కోల్బే, ఫ్రాంక్లండులు వెదకినది ఇట్లు దొరకెను.

1933లో చికాగోయందు ఖరాష్, మేయో అను నిరువురు మరియొక చిక్కుముడిని విప్పిరి. హైడ్రోజన్ బ్రోమైడు ఎల్లప్పుడు ఒకే తీరున చేరవలసియుండగా, ఒకనాడొక తీరున, మరియొకనాడు తలక్రిందుగా చేరుచుండెను. కారణము వెదకగా, గాలి సోకి ఆ ద్రవమున పుట్టిన పెరాక్సైడులే దోషులని తేలెను. పెరాక్సైడు విరిగి ప్రాతిపదిక పుట్టును. అది ప్రక్క అణువుతో తన ఆకలి తీర్చుకొనును. ఆ యణువు తాను క్రొత్త ప్రాతిపదికయై మరియొక దానిపై బడును. ఒక దీపమునుండి మరియొక దీపము వెలిగినట్లు ఈ గొలుసు సాగిపోవును. రెండు ఒంటరులు ఎదురుపడి కలిసికొన్నపుడే ఆగును. ఈ గొలుసును వశపరచుకొన్నవాడు ఒక్క నిప్పురవ్వతో వేల యణువులను చేయగలడు. పాలిస్టైరీను, పి.వి.సి., పలుచని పాలిథీను సంచులు, ఇవన్నియు అట్టి గొలుసుల సంతానమే.

గాంబర్గు 1947 ఫిబ్రవరి 12వ తేదీన కన్నుమూసెను. కడపటి యేండ్లలో రోగగ్రస్తయైన సోదరికి సేవచేయుచు గడపిన ఆయన, కూడబెట్టినదంతయు తాను చదివి, బోధించిన మిషిగన్ రసాయన శాఖకే, విద్యార్థుల సహాయార్థమై, వ్రాసి యిచ్చెను. కూలిపని చేసి చదువుకొన్నవాడు తరువాతివారికి ఆ శ్రమ తగ్గింపదలచెను.

ఆయన నాటిన విత్తనము ఔషధ నిర్మాణమున ఫలించుటకు మరి కొంతకాలము పట్టెను. చాలకాలము వరకు, ప్రాతిపదికలు అదుపులేని ఆకతాయిలని, సున్నితమైన నిర్మాణములకు పనికిరావని సంశ్లేషణ నిపుణులు వానిని దూరముగా నుంచిరి. ఆ యపవాదును తొలగించినవారిలో ఆంగ్లేయుడగు డెరెక్ బార్టన్ ముఖ్యుడు. శరీరమున ఉప్పు నీళ్ల సమతను కాపాడు ఆల్డోస్టెరోను అను హార్మోను ప్రకృతియందు అత్యల్పముగా లభించును. దానిని చేయుటకు, ఏ రసాయనమునకును లొంగని యొక మీథైల్ సమూహమును మార్చవలసియుండెను. 1960లో బార్టన్, ఆ మీథైలునకు చేరువలో నైట్రైటును బిగించి కాంతి ప్రసరింపజేసెను. అచట పుట్టిన ప్రాతిపదిక దూరమునకు పోక, చేయిచాచినంత దూరమున నున్న ఆ మీథైలు నుండియే ఉదజనిని లాగికొనెను. ఆకతాయి యనుకొన్నది అద్భుతమైన గురి చూపెను. 1975లో బార్టన్, మెకాంబీ కలిసి, చక్కెరల వంటి అణువులనుండి అక్కరలేని హైడ్రాక్సిల్ సమూహమును ప్రాతిపదిక ద్వారా తొలగించు విధానమును వెలువరించిరి. 1985లో అమెరికాలో కర్రన్, ఒక ప్రాతిపదికను పుట్టించి, ఒకే చర్యలో వరుసగా రెండు వలయములు అల్లుకొనునట్లు చేసి హిర్సుటీను అను సహజ పదార్థమును నిర్మించెను.

ఇట్టి పనులకు ప్రాతిపదికలు ప్రియమగుటకు హేతువు స్పష్టము. ఆమ్లములు, క్షారములు అణువునందలి సున్నితమైన సమూహముల నన్నిటిని గాయపరచును. విద్యుదావేశము లేని ప్రాతిపదిక పెక్కు సమూహములను తాకక దాటిపోయి తన పనిమాత్రము చేసికొనును. తొలుత ఈ పనులకు తగరపు సమ్మేళనములను విరివిగా వాడిరి. అవి విషపూరితములగుటచే వానికి బదులు కనుగొను యత్నములు సాగెను. ఇరువదియొకటవ శతాబ్దమున, కంటికి కనబడు కాంతితోనే ప్రాతిపదికలను పుట్టించు విధానములు వ్యాపించెను. ప్రకృతియు ఈ విద్య నెరిగినదే. మన కణములలో ఒక ఎంజైము రైబోజునుండి హైడ్రాక్సిలును తొలగించి డి.ఎన్.ఏ. ఇటుకలను చేయునది ప్రాతిపదిక సాయముననే. గాంబర్గు అసాధ్యమనిపించుకొన్న దానిని పట్టుకొనక పూర్వమే అది ప్రతి ప్రాణియందును నిశ్శబ్దముగా పనిచేయుచుండెను.

ఈ కథకు చివర నొక వింత మలుపు కలదు. పసుపు ద్రవమున ప్రాతిపదికలు జంటకట్టి ఏర్పడు పదార్థము తాను వెదకిన హెక్సాఫినైల్ ఈథేనే యని లోకము చాలకాలము నమ్మెను. కాదు, ఒక ప్రాతిపదిక మరియొక దాని బెంజీను వలయపు కొనను పట్టుకొన్నదని 1905లోనే యాకబ్సన్ అనెను. ఆ మాటను పట్టించుకొన్నవారు కొలదిమంది. 1968లో లాంకాంప్, నౌటా, మెక్లీన్ అను మువ్వురు అణుకేంద్ర అయస్కాంత అనునాదమను క్రొత్త సాధనముతో పరీక్షించి యాకబ్సన్ మాటయే నిజమని నిరూపించిరి. ఆరు వలయములను మోయు ఆ రెండు కర్బనములు ఒకదానిదరి కొకటి చేరలేవు. గాంబర్గు వెదకిన హెక్సాఫినైల్ ఈథేను నేటికిని ఎవరి చేతికిని చిక్కలేదు. ఆయన బయలుదేరినది దొరకని వస్తువు కొరకు. దొరకినది ఉండరాని వస్తువు. నూటికి ఆరు పాళ్ల తేడాను పొరపాటని కొట్టివేయక, అది ఎవరి సొమ్మో అడిగి తెలిసికొనుటయే ఆయన చేసిన గొప్ప పని. ఆ ప్రశ్న వెలువడిన నూరవ యేట, 2000లో, అమెరికను రసాయన సంఘము మిషిగన్ విశ్వవిద్యాలయమున ఆ స్థలమును చారిత్రక చిహ్నముగా గుర్తించి ఆయన స్మృతికి నివాళి యర్పించెను.